మా ఇంటికి తోడల్లుడు నేర్పిన మాటలు

మా ఇంట్లో దీపాలకు స్విచ్చులు అక్కర్లేదని నేను గొప్పగా చెప్పుకుని తిరిగే రోజుల్లో మా తోడల్లుడు ఇంకా మాకు తోడల్లుడు కాలేదు. అత్తవారింటికి నేనొక్కణ్ణే అల్లుణ్ణి. మామగారిది ఆనందపురం పక్క ఊరు. పూల తోట ఉంది. బంతి, చేమంతి, ఓ మూల కనకాంబరం. తెల్లవారేసరికి పూలు కోయించి జంక్షన్‌లో మార్కెట్‌కి చేర్చడంతోనే ఆయన జీవితమంతా గడిచింది. నేను స్టీల్ ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేస్తాను. కొలిమిలో వేడి ఎంతుంది, గొట్టాల్లో గ్యాసు ఎంత ఒత్తిడితో పోతోంది, ఇలాంటివి కొలిచే పరికరాలను సరిగ్గా ఉంచడం మా పని. మామగారికి ఆ వివరాలతో పనిలేదు. ఊళ్లో ఎవరి టీవీ పాడైనా, ఎవరు కొత్త ఫోన్ కొనుక్కోవాలన్నా, "మా అల్లుణ్ణడుగుతానుండు" అనేవారు. ఆ మాట వింటే నాకు లోపల ఎంత బాగుండేదో చెప్పలేను. పైకి మాత్రం అబ్బే అదేముందండీ అని మొహమాటపడేవాణ్ణి.

సీతమ్మధారలో మేం ఫ్లాట్ కొనుక్కున్నాక నాకు కొత్త పిచ్చి పట్టింది. ఒక్కొక్కటిగా స్మార్ట్ పరికరాలు తెచ్చి బిగించాను. మనిషి అడుగు పెట్టగానే వెలిగే హాలు లైటు, కాసేపు కదలిక కనబడకపోతే దానంతటదే ఆరిపోయే బాత్రూం లైటు, తెల్లవారుజామున నేను పొద్దున్న షిఫ్టుకు లేచే వేళకి నీళ్లు కాచి పెట్టే గీజర్, నోటితో చెబితే ఫ్యాను వేసే చిన్న స్పీకరు. అన్నిటికీ నియమాలు నేనే రాశాను. ఏది జరిగితే ఏది జరగాలో ఫోన్‌లో ఒక యాప్ ఉంటుంది, అందులో రాసిపెడితే చాలు. చుట్టాలొస్తే ముందు ఆ ప్రదర్శన అయ్యాకే మంచినీళ్లు. మా ఆవిడ విసుక్కునేది. అయినా నేను మానలేదు.

మా మరదలి పెళ్లి కుదిరినప్పుడు అబ్బాయి గురించి వాకబు చేసింది నేనే. వాళ్ల నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. అబ్బాయి ఒక కంపెనీలో ఫోన్ల దగ్గర పనిచేస్తాడు. ఇంట్లో ఇలాంటి స్మార్ట్ పరికరాలు పెట్టుకుని, వాటితో ఎలా వేగాలో తెలియనివాళ్లు ఫోన్ చేస్తే, వాళ్లకు కావలసినట్టు ఎలా మార్చుకోవాలో చెప్పడం అతని ఉద్యోగం. పెళ్లిలో భోజనాల దగ్గర నేను, "మా తోడల్లుడు ఫోన్లోంచే ఊరందరి దీపాలూ వెలిగిస్తాడు" అని హాస్యమాడాను. నాతో పాటు ప్లాంట్ నుంచి వచ్చిన ఒకరిద్దరు నవ్వారు. అతను కూడా నవ్వాడు. మామగారు మాత్రం నవ్వకుండా, అల్లుణ్ణి మా వైపు మర్యాదగా పిలిచే తీరులో, "అయితే నీ మాదిరే కదా బావూ" అన్నారు. ఆయన మెచ్చుకోలుగానే అన్నారు. నాకది రుచించలేదు. ప్లాంట్‌లో పరికరాలు చూసుకోవడమూ, ఫోన్‌లో ఎవరికో బల్బు సంగతి చెప్పడమూ ఒకటేనా అనిపించింది.

తరువాతి ఏడాది మామగారికి రెండు కళ్లకూ శుక్లాలు ముదిరాయి. సీతమ్మధారలోనే మంచి కంటి ఆస్పత్రి ఉంది కాబట్టి మా ఇంట్లో ఉండి ఆపరేషన్ చేయించుకోవాలని అనుకున్నాం. ఒక కన్నయ్యాక కొన్ని వారాలు ఆగి రెండోది. అన్నాళ్లూ అత్తగారు కూడా మాతోనే ఉంటారు. నాకు నిజంగా సంతోషమేసింది. అల్లుడి ఇంట్లో ఎంత సుఖంగా ఉందో ఊరెళ్లి చెప్పుకుంటారని ఊహించుకున్నాను.

వచ్చిన రోజునే ఇల్లంతా తిప్పి అన్నీ చూపించాను. ఎక్కడ నిలబడితే ఏది వెలుగుతుందో, ఏమంటే ఫ్యాను తిరుగుతుందో వివరించాను. మామగారు ప్రతిదానికీ "బాగుంది బావూ" అన్నారు. అత్తగారు తలుపు వెనకే ఉండి వింది. ఆవిడ నాతో నేరుగా మాట్లాడదు. అల్లుడి ముందు గొంతెత్తకూడదనే పాతకాలపు మర్యాద. నాకేదైనా చెప్పాలంటే కూతురి వైపు చూసి, "బావుకి ఇంకొంచెం కూరెయ్యి" అంటుంది. ఇన్నేళ్లూ అది గౌరవమనే అనుకున్నాను.

ఆ వారాల్లో నేను గమనించినవి కొన్ని ఉన్నాయి. మామగారు సాయంత్రం కూడా నల్లకళ్లద్దాలు తీసేవారు కారు. డాక్టరు పెట్టుకోమన్నాడు కాబట్టి అనుకున్నాను. అత్తగారు స్నానానికి పగటిపూటే, కిటికీలో వెలుగున్నప్పుడే వెళ్లేది. అది ఊరి అలవాటనుకున్నాను. స్పీకరుతో మాట్లాడమంటే ఇద్దరూ సిగ్గుపడి నవ్వేవారు. అలవాటవుతుందిలే అనుకున్నాను.

ఒక ఆదివారం మరదలూ, తోడల్లుడూ చూడ్డానికి వచ్చారు. అతను మామిడి తాండ్ర పట్టుకొచ్చాడు. కాఫీలయ్యాక అక్కాచెల్లెళ్లు వంటింట్లోకి వెళ్లారు. నేను పేపరు పట్టుకుని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాను. అతను సోఫాలో కూర్చోకుండా, హాలులోనే వేసిన మామగారి మంచం పక్కన చాప మీద చతికిలబడి, పిచ్చాపాటీలా అడగడం మొదలుపెట్టాడు. పొద్దున్న లేవగానే ముందు ఏం చేస్తారు, ఇక్కడ నిద్ర పడుతోందా, దాహమైతే నీళ్లు ఎక్కడుంటాయి, ఇలాంటివే. కబుర్లనుకున్నాను. కాసేపటికి పేపరు మీద నా చూపు ఆగిపోయింది.

మామగారు చెబుతున్నారు. తెల్లారకముందే మెలకువ వస్తుందట. ఊళ్లో అయితే చీకట్లోనే తోటలోకి వెళ్లిపోయే అలవాటు. ఇక్కడ మంచం దిగి రెండడుగులు వేసేసరికి హాలులో లైటు భగ్గుమంటుందట. కోసిన కంట్లో సూది గుచ్చినట్టుంటుందట. అందుకని మెలకువ వచ్చినా అందరూ లేచేదాకా అలాగే పడుకుంటున్నారట. నల్లద్దాలు కూడా అందుకేనట.

అంతలో అత్తగారు తలుపు వెనక నుంచి ఇవతలికి వచ్చింది. వచ్చి, అతనికి ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది. నా పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ నా ఎదుట కూర్చోవడం నేను చూడలేదు.

"నాను నీళ్లోసుకుంతంటే దీపం ఆరిపోతాది బాబూ," అంది అతనితో. "సేతులూపితే ఎలుగుతాదని సెప్పినారు. సబ్బు సేతుల్తో ఏటూపుతాను? అందుకే పగటేలే పోసేసుకుంతన్నాను."

ఇదంతా నా ఇంట్లో, నాకు అయిదారడుగుల దూరంలో. ఆవిడ గొంతు అంత స్పష్టంగా ఉంటుందని కూడా నాకు తెలియదు.

అతను లేచి నా దగ్గరికొచ్చి, "అన్నయ్యా, మీ ఫోన్ ఒకసారి ఇస్తారా? మీరు చూస్తుండగానే చేద్దామండి" అన్నాడు. చాలా మర్యాదగానే అడిగాడు. అందరూ నా వైపు చూస్తున్నారు. ఇవ్వక ఏం చేస్తాను? ఫోన్ లాక్ తీసి అతని చేతిలో పెట్టాను.

అతను మార్చినవి పెద్ద విషయాలేం కాదు. నాకు తెలియనివీ కాదు. హాలు లైటును తెల్లవారకముందు బాగా సన్నగా, నేల మాత్రం కనబడేలా వెలగమన్నాడు. బాత్రూం తలుపు వేసి ఉన్నంతసేపూ లైటు ఆరకూడదన్నాడు. ఒక్కొక్కటి రాసేముందు పైకి చదివి, "ఇలా అయితే సరిపోద్దా మావయ్యా?" అని అడిగి, ఆయన సరేనన్నాకే నొక్కేవాడు. ఒకచోట ఆయన వద్దంటే తీసేసి మళ్లీ రాశాడు. తరువాత స్పీకరు సంగతి. "దీన్ని మీరేమని పిలవాలనుకుంటారు, ఏమంటే ఏం చెయ్యాలి?" అని అత్తగారిని అడిగాడు. అది కంపెనీవాళ్లు చెప్పినట్టే అనాలి కదా అని నేను కల్పించుకున్నాను. "లేదన్నయ్యా, మనం అనే మాట మనమే రాసుకోవచ్చు" అన్నాడు. అది నాకూ తెలుసు. నేనెప్పుడూ రాయలేదంతే.

అత్తగారు చాలాసేపు ఆలోచించి, "పంకా ఎయ్యి" అంది. అలాగే రాశాడు. ఆవిడ స్పీకరు వైపు తిరిగి ఆ మాట అనగానే ఫ్యాను తిరిగింది. ఆవిడ నవ్వింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయి నవ్వింది. మామగారు నల్లద్దాలు తీసి, "ఇది మన మాటే ఆడతంది సూడు" అన్నారు.

గోదావరి నుంచి వచ్చినవాడి కొడుకు మా వైపు మాటను మా ఇంటికి నేర్పాడు. నేను పుట్టి పెరిగింది ఇక్కడ. చిన్నప్పుడు నా నోటి వెంట వచ్చిన మాటలే అవి. ఉద్యోగంలో చేరాక నలుగురిలో బాగుండదని వదిలేశాను. ఆ స్పీకరుతో నేను వార్తలు చదివినట్టు మాట్లాడేవాణ్ణి.

వాళ్లు వెళ్లాక మా ఆవిడతో అన్నాను. ఇన్ని ఇబ్బందులు పడుతూ నాతో ఒక్క మాటైనా చెప్పలేదేమిటి మీవాళ్లు, నేనేమైనా పరాయివాణ్ణా అని. ఆమె గిన్నెలు సర్దుతూ, వెనక్కి తిరక్కుండానే, "మీరెప్పుడైనా అడిగినారేటి?" అంది. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే అంది. నేను అన్నీ చూపించాను కదా అన్నాను. "సూపించినారు," అంది.

అప్పట్నుంచి మొదలైంది నాకు. ప్లాంట్ క్యాంటీన్‌లో టీ తాగుతూ ఫోన్ తీసి ఆ యాప్ చూసేవాణ్ణి. నేను రాసినప్పుడు నియమాలకు నంబర్లూ ఇంగ్లీషు పొట్టి అక్షరాలూ ఉండేవి. ఇప్పుడు వాటి మధ్య "అత్తయ్య స్నానం" అని ఒకటి, "మావయ్య మెలకువ" అని ఒకటి. అతను పెట్టిన పేర్లు. నా ఇంటి గోడల మీద ఎవరో బొగ్గుతో రాసి వెళ్లినట్టుండేది. తీసేద్దామా అంటే ఏ మొహంతో తీసెయ్యను? ఆ మార్పులతో ఇంట్లో అందరూ హాయిగా ఉన్నారు. ఆ హాయే నన్ను కాల్చింది.

అత్తగారు ఇప్పుడు అతనికి ఫోన్ చేసేది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆవిడ వంటింటి గట్టు దగ్గర నిలబడి ఫోన్‌లో నవ్వుతూ ఉండేది, నన్ను చూడగానే గొంతు తగ్గించి, చెంగు సర్దుకుని లోపలికి వెళ్లిపోయేది. ఒకసారి నేనే చొరవ చేసి, ఏమైనా మార్చాలా అత్తయ్యా అని అడిగాను. ఆవిడ కంగారుగా మా ఆవిడ వైపు చూసి, "ఏటీ నేదని సెప్పు," అంది. అతనికైతే చాప మీద కూర్చుని చెబుతుంది. అతని వయసు తక్కువ కావడం వల్లనా, చిన్నల్లుడు కావడం వల్లనా, చూడ్డానికి సరదాగా ఉంటాడు కాబట్టా? పొద్దున్న షిఫ్ట్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని రోజూ ఇవే లెక్కలు.

సరే, ఇంటి దీపాలు ఏముంది, తోట సంగతి చూద్దాం అనుకున్నాను. మామగారి బెంగంతా తోట మీదే. బోరు మోటారు వేయడానికి పక్క చేనాయన మీద ఆధారపడాల్సి వస్తోంది. ఆయన ఒక రోజు వేస్తాడు, ఒక రోజు మర్చిపోతాడు. ఇది నా విద్యకు తగిన పని. వారాంతపు సెలవు నాడు ఆనందపురం వెళ్లి, మోటారు దగ్గర సిమ్ కార్డుతో నడిచే పెట్టె బిగించాను. చేమంతి మడిలో మట్టి తడి కొలిచే సెన్సర్ పాతాను. మట్టి ఆరగానే, కరెంటు ఉన్న వేళ చూసుకుని మోటారు తానే వేసుకుంటుంది. వాన సూచన ఉంటే ఆగుతుంది. ఎండలో నిలబడి, చెమటలు కారుతుండగా, వైర్లు కలిపి, మూడుసార్లు పరీక్షించి చూశాను. ఒక్క తప్పు లేదు. తోడల్లుడు ఫోన్ దగ్గర కూర్చుని ఇలాంటి పని చేయలేడని ఆ పూట చాలా తృప్తిగా అనిపించింది.

ఇంటికొచ్చి చెబితే మామగారు సంతోషించారు. "నువ్వు నేకపోతే నా తోట ఎండిపోయేది బావూ" అన్నారు. ఏం జరుగుతోందో చూసుకోవడానికి ఆయన ఫోన్‌లో గీతలు కూడా చూపించాను, తడి ఎంతుందో, మోటారు ఎప్పుడు తిరిగిందో. ఆయన కళ్లు చిట్లించి చూసి, బాగుందన్నారు. ఆ సాయంత్రమంతా అడుగుతూనే ఉన్నారు, ఇప్పుడాడతందా, ఇప్పుడాగిందా అని. మీరు అవన్నీ పట్టించుకోనక్కర్లేదు, అది చూసుకుంటుందని చెప్పాను.

రెండో కన్ను కూడా అయ్యాక, కట్టు తీసిన కొద్ది రోజులకు, పొద్దున్న షిఫ్ట్ ముగించుకుని మధ్యాహ్నం ఇంటికొచ్చాను. గుమ్మంలో అతని చెప్పులు. వారం మధ్యలో, మరదలు లేకుండా, ఒక్కడూ. లోపల మామగారు మంచం మీద ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. అతను పక్కన చాప మీద. ఫోన్‌లో నా తోట. నేను పాతిన సెన్సర్, నేను రాసిన నియమాలు.

చేతిలో క్యారేజీ సంచి కింద పెట్టకుండానే అన్నాను: "ఆ పెట్టె బిగించింది నేను. ఏమైనా మార్చాలంటే నన్నడగాలి కదా."

గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. అతను లేచి నిలబడి, మీరొచ్చాకే చేద్దామన్నానని నెమ్మదిగా ఏదో చెప్పబోయాడు. మామగారు అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"నానే పిలిసినాను బావూ. ఆ బాబుది తప్పు నేదు," అన్నారు. నన్ను కూర్చోమన్నారు. కూర్చున్నాను.

"నువ్వెట్టిన పెట్టి మంచిదే. మొక్క ఎండనియ్యదు. అయితే అది నన్నడగదు. మొన్న కోత రోజు తెల్లారగట్ట తడెట్టీసింది. ఆడోళ్లు మోకాలి బురదలో దిగి పూలు కోసినారంట. పక్క సేనోడు ఫోన్ సేసి నవ్వినాడు. ఆ తోట నా సిన్నప్పట్నించీ నాను సెప్తే తడిసింది. ఇప్పుడు నాను కాపీ తాగతంటే అదే తాగీస్తంది. నన్నడిగి ఎట్టమను బావూ. నాను ఎట్టమంటేనే ఎట్టమను."

నాకు ముందు వచ్చిన ఆలోచన తోట గురించి కాదు. ఈ మాట నాకు చెప్పకుండా అతనికి ఎందుకు చెప్పారు అనే. అడిగేశాను కూడా. మామగారు నిజాయితీగానే జవాబిచ్చారు. "నువ్వు అంత ఎండలో పడి సేసినావు. నీకెలగ సెప్తాను బాగో నేదని?"

క్యారేజీ సంచి అప్పుడు కింద పెట్టాను.

ఆ మధ్యాహ్నం నేను అక్కడి నుంచి లేచి వెళ్లిపోయి ఉండొచ్చు. వెళ్లలేదు. అతను ఏం చేస్తాడో చూడాలనే పంతం ఒకటి. చూస్తుంటే అర్థమైంది, అతను ఏమీ చేయడం లేదు. ఫోన్ మామగారి చేతిలోనే ఉంది. మట్టి ఆరితే మోటారు వెయ్యడానికి బదులు ఫోన్ మోగాలి, ఆయన "మోటారెట్టు" అంటే అప్పుడు వెయ్యాలి. ఈ చిన్న మార్పు నేనయితే టీ చల్లారేలోపు చేసేస్తాను. మామగారు మట్టి మరకలు ఇంకా పోని వేలితో ఒక్కొక్కటి తడుముతూ నొక్కుతున్నారు. ఒకచోట ఉన్నదంతా చెరిపేశారు. నేను ఫోన్ కోసం చెయ్యి చాపాను. తోడల్లుడు మాత్రం కదలకుండా, "పర్లేదు మావయ్యా, మళ్లీ మొదట్నుంచి" అన్నాడు. అతని మొహంలో విసుగన్నది వెతికాను. దొరకలేదు.

మోటారు వేయడం వచ్చింది. ఆపడం దగ్గర మామగారు, అది కూడా తను చెబితేనే ఆగాలన్నారు. తోడల్లుడు సరే అని ఎక్కడ నొక్కాలో చూపిస్తున్నాడు. అప్పుడు నేను ఆగమన్నాను. బోరులో నీళ్లు అడుగంటితే మోటారు ఉత్తినే తిరిగి కాలిపోతుంది. నీళ్లు అందకపోతే వెంటనే ఆగిపోయే కాపలా ఒకటి ఆ పెట్టెలో నేనే పెట్టాను. అది తీసేస్తే ఒక్క పూట చాలు, మోటారు పోవడానికి. తోడల్లుడి చెయ్యి ఆగింది. "అది నాకు తెలీదన్నయ్యా. మేం ఇళ్లలో పరికరాలే చూస్తాం. మీరు చెప్పండి మావయ్యకి," అని చాప మీద జరిగి నాకు చోటిచ్చాడు.

చాప మీద కూర్చుని చెప్పాను. ఎప్పుడు నీళ్లు పెట్టాలో మీ ఇష్టం మావయ్యా, మోటారు కాలిపోయే వేళ మాత్రం అది ఎవర్నీ అడగకూడదు అన్నాను. ఆయన ఆలోచించారు. "అప్పుడు నాకేటని సెప్తాది?" అన్నారు. ఆ ప్రశ్న నేనెప్పుడూ వేసుకోలేదు. ఆగిపోయి, ఎందుకాగిందో ఫోన్ చేసి చెప్పేలా రాద్దామన్నాను. "అయితే ఆగనీ," అన్నారు. దానికి ఏం పేరు పెట్టాలని తోడల్లుడు అడిగితే, "నీళ్లు నేవు" అని పెట్టించారు.

ఆ కాసేపూ నాకు బాగుంది. మామగారు నా వైపు తిరిగి వింటున్నారు, నేను చెబుతున్నాను. అది అయ్యాక ఆయన మళ్లీ అతని వైపు తిరిగి, "ఇంకేటి మిగిలినాది బాబూ?" అన్నారు. అంతే, మళ్లీ మొదటికొచ్చాను.

వాళ్లు ఊరికి వెళ్లిపోయాక కొన్నాళ్లపాటు ఫోన్ కోసం ఎదురు చూశాను. ఏదో ఒకటి పాడవుతుంది, నన్ను పిలుస్తారు అనుకున్నాను. రాలేదు. అతనికి చేస్తున్నారేమో అని మరదల్ని అడగమని మా ఆవిడకు చెప్పాను. అతనికీ చేయడం లేదట. ఆ మాట విని కొంత ఊరట కలిగిందని ఒప్పుకోక తప్పదు.

చేమంతుల కాలంలో మామగారు రెండు కుటుంబాలనూ భోజనానికి పిలిచారు. వెళ్లేసరికి పాకలో మంచం మీద ఆయనా, చుట్టూ ఊరి రైతులు ముగ్గురు నలుగురూ ఉన్నారు. అందరి చేతుల్లో ఫోన్లు. వాళ్లూ అలాంటి పెట్టెలే కొనుక్కున్నారట. ఒకాయన తన ఫోన్ మామగారి చేతికివ్వబోయాడు. ఆయన తీసుకోలేదు. "నీ ఏలితోనే నొక్కు. నాను సూత్తాను," అన్నారు. తన ఫోన్‌లో ఆయన సొంతంగా రాసుకున్నవి చూపించారు. మందు కొట్టిన రోజు తడి గురించి అడగొద్దని ఒకటి. కోత ముందు రోజు గుర్తు చేయమని ఒకటి. ఆయన ఎత్తకపోతే అత్తగారి ఫోన్ మోగాలని ఇంకొకటి. తోడల్లుడు పెట్టించిన దాంట్లో సగం మార్చేశారు. నేను పెట్టిన వాన సూచన తీసేశారు. ఆకాశం నేను చూస్తాను గదా అన్నారు.

నీళ్లు అందకపోతే ఆగే కాపలా మాత్రం అలాగే ఉంది. అది చూసి ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడే మామగారు ఆ రైతులకు మమ్మల్నిద్దరినీ చూపించి పరిచయం చేశారు.

"పెట్టి బిగించింది మా పెద్దల్లుడు. నేర్పింది మా సిన్నల్లుడు."

రెండూ పొగడ్తలే. వాళ్లు ఇద్దరికీ దండం పెట్టారు. బిగించడం, నేర్పడం అనే ఆ రెండు మాటలూ అన్నం తింటున్నంతసేపూ నా చెవిలో తిరుగుతూనే ఉన్నాయి.

అక్కాచెల్లెళ్లు ఆ రోజుకు అక్కడే ఉండిపోయారు. నాకు మర్నాడు డ్యూటీ, అతనికీ ఉద్యోగం. సాయంత్రం ఇద్దరం సిటీ బస్సెక్కాం. పూల బుట్టలు దింపి వచ్చే బస్సు, తడి పూల వాసన. పక్కపక్కన సీట్లు దొరికాయి. హనుమంతవాక దాటాక నేనే అడిగాను, ఇక మామగారు నీకు కూడా ఫోన్ చేయడం లేదు కదా, ఏమీ అనిపించడం లేదా అని.

"మా పనే అదండి," అన్నాడు. "మళ్లీ ఫోన్ రాలేదంటే కుదిరినట్టే. అదే మనిషి మళ్లీ మళ్లీ చేశాడంటే నేనేదో సరిగ్గా చెప్పనట్టు."

"నాకు రావాలనుంటుంది," అన్నాను. ఎందుకు చెప్పానో, బస్సు రొదలో చెప్పడం తేలికైందేమో.

అతను నవ్వలేదు. అది సహజమే అన్నాడు. నాకు కుతూహలం ఆగలేదు. ఆ రోజు మామగారు మొత్తం చెరిపేసినప్పుడు కూడా నీకు కోపం రాలేదేమిటి, అది పుట్టుకతో వచ్చిన ఓపికా అన్నాను.

"ఓపికేం కాదన్నయ్యా. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పరిస్థితీ అంతే. ఫోన్లో అయితే చెయ్యి చాపి లాక్కోలేం కదా, అలా అలవాటైంది. ఎదురుగా మనిషుంటే మాత్రం రెండు చేతులూ తొడల కింద పెట్టేసుకుంటాను. చూసే ఉంటారు."

చూడలేదు. అతని మొహమే చూశాను. మద్దిలపాలెంలో అతను దిగిపోయాడు. దిగి, కిటికీ దగ్గరికొచ్చి, జాగ్రత్తగా వెళ్లండని చెయ్యి ఊపి, రోడ్డు దాటాడు. మంచివాడని తెలుస్తూనే ఉంది. మంచివాడు కాకపోయి ఉంటే నా పని సుళువయ్యేది.

ఆ తరువాతి వారం మా ఆవిడ గీజర్ వేళ మార్చాలంది. నా షిఫ్టుకు తగ్గట్టు పెట్టింది కాబట్టి తనకెప్పుడూ నీళ్లు చల్లారిపోయాకే దొరుకుతున్నాయట. పెళ్లయిన ఇన్నేళ్లకు మొదటిసారి వింటున్నాను. ఇవ్వు చేసేస్తాను అనబోయి ఆగాను. పొద్దున్న నువ్వు ముందు ఏం చేస్తావు అని అడిగాను. ఆమె అనుమానంగా చూసి, చెప్పింది. పాలు, తరువాత మొక్కలకు నీళ్లు, తరువాత మా వీధిలో ఒక చుట్టు నడక. నడక సంగతి నాకు తెలియదు. నేను అప్పటికి ప్లాంట్ బస్సులో ఉంటాను.

ఫోన్ ఆమె చేతిలో పెట్టి, సోఫాలో పక్కన కూర్చుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాను. ఆమె తప్పు నొక్కింది. నా వేళ్లు అక్కడ కొట్టుకున్నాయి. మళ్లీ తప్పు నొక్కింది. పర్లేదు, మళ్లీ అన్నాను. ఆ మాట నా నోట్లో అరువు తెచ్చుకున్నట్టు పలికింది. చివరికి తనే వేళ మార్చి, తనే పేరు రాసి, నాకు తిప్పి చూపించింది.

"వొచ్చీసింది," అంది. చాలా సంతోషంగా ఉంది. నాకూ సంతోషంగానే ఉంది.

"మరిది బాగా నేర్పుతాడు," అంది లేస్తూ. "మీకు కూడా నేర్పీసినట్టున్నాడు."

ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను చేతులు అలాగే పెట్టుకుని ఇంకాసేపు కూర్చున్నాను.